గువ్వలచెరువు కనుమ దిగిన తిరుపతమ్మ

తిరుపతమ్మకు సైకిలు తొక్కడం వచ్చునని వంకపల్లెలో అందరికీ తెలుసు. ఆ సంగతి ఎవరూ పైకి మాట్లాడేవారు కాదు, అంతే.

వంకపల్లె రాయచోటికి ఎనిమిది మైళ్ల దూరంలో, లక్కిరెడ్డిపల్లె బాట పక్కన ఉన్న చిన్న ఊరు. పదకొండు మగ్గాలు, కొన్ని చెనిక్కాయ చేలు, వాన పడితే ఉలవలు. తిరుపతమ్మ మొగుడు నారాయణ ముతక చీరలు నేసి, మూట కట్టి, సైకిలు మీద సంతలు తిరిగి అమ్ముకొచ్చేవాడు. పంతొమ్మిది వందల నలభై రెండులో చలిజ్వరం తగిలి పది రోజుల్లో పోయాడు. ఆమెకప్పుడు ముప్పై అయిదేళ్లు. ఇంట్లో అత్త తిమ్మమ్మ, ఇద్దరు ఆడపిల్లలు, గుంటలో ఒక మగ్గం, గోడకు ఆనించిన సైకిలు మిగిలాయి.

నేతగాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు చేయని పని లేదు. నూలు చిలపలు విప్పుతారు, కండెలు చుడతారు, పడుగుకు గంజి పెడతారు. మగ్గం గుంటలో మాత్రం దిగరు. అది మగవాళ్ల చోటు. నారాయణ పోయిన నెలకు తిరుపతమ్మ చీర గోచీ బిగించి ఆ గుంటలో దిగింది. అతను సగం నేసి వదిలేసిన చీర ఇంకా మగ్గం మీదే ఉంది. ఆ సగం పూర్తి చేయడానికి ఆమెకు తొమ్మిది రోజులు పట్టింది.

పదో రోజు కాశన్న వచ్చాడు. నారాయణకు పెదనాన్న కొడుకు, ఊరి నేతగాళ్లలో పెద్దవాడు. ఆమెకు బావ వరస. గడప బయటే నిలబడి చాలాసేపు మగ్గం వైపు చూశాడు. ఏం మాట అంటాడో అని తిమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలుచుంది.

"అంచు వంకర పోతాండాది తిరుపతమ్మా," అన్నాడు కాశన్న. "పేక కొట్టేటప్పుడు ఎడం చెయ్యి బిగలాగుతాండావు. రోంత వదులు."

అంతే చెప్పి వెళ్లిపోయాడు. పెద్దవాడు తప్పు దిద్దాడంటే ఊరు ఒప్పుకున్నట్టే.

సైకిలు సంగతి అంత సులభంగా తేలలేదు. మొదట్లో ఆమె చీరల మూట వెనక కట్టి, సైకిలును చేత్తో తోసుకుంటూ రాయచోటి సంతకు నడిచి వెళ్లేది. పోను ఎనిమిది మైళ్లు, రాను ఎనిమిది. ఏడాది తోసింది. ఒకరోజు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ అంది: "అత్తా, ఇది మనల్ని మోయాల్సింది. నేను దీన్ని మోస్తాండా."

ఆ వేసవిలో ఊరి చెరువు నెర్రెలు బారింది. తెల్లవారకముందే అత్తా కోడళ్లు సైకిలు తీసుకుని ఎండిన చెరువులో దిగేవారు. వెనక సీటు పట్టుకున్నది తిమ్మమ్మే. అరవై ఏళ్ల మనిషి, రొప్పుతూ పరిగెత్తేది. "తల ఎత్తే, తల ఎత్తే! చక్రం కల్లా చూస్తే చక్రం కాడికే పోతావు!" అని అరిచేది. ఆ మాట ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. పన్నెండో రోజు తిమ్మమ్మ చెయ్యి వదిలేసింది, కోడలు వెనక్కి చూడకుండా చెరువు అవతలి గట్టు దాకా పోయింది.

ఆ తరువాత సంతకు సైకిలు మీదే పోయేది. ఊరి పొలిమేర దాటేదాకా తోసుకుంటూ నడిచి, దాటాక ఎక్కేది. ఊళ్లోవాళ్లు చూడనట్టు ఉండేవారు, ఆమె కూడా వాళ్లు చూడలేదన్నట్టు ఉండేది.

నలభై అయిదో సంవత్సరం వచ్చేసరికి యుద్ధం మూలంగా నూలు దొరకడమే కష్టమైంది. సర్కారు చీటీ ఉన్నవాళ్లకే నూలు. లెక్కలు రాయడానికి ఒక గుమాస్తా ఊరికి వచ్చిన నాడు ఆరు మగ్గాలు ఊరికే ఉన్నాయి. నెలన్నరగా నూలు రాలేదు మరి. అతను 'ఆడని మగ్గాలు' అని రాసుకుని పోయాడు. నూలు లేక మగ్గం ఆగింది. మగ్గం ఆగిందని నూలు ఆపారు.

మే నెలలో ఒక గురువారం మధ్యాహ్నం టపా వచ్చింది. కాశన్న అరుగు మీద కూర్చుని కాగితం చదివాడు. చీటీల పట్టీలోంచి కొట్టేసిన ఆరు మగ్గాలవాళ్ల పేర్లు ఉన్నాయి: కాశన్న, హనుమన్న, బసవన్న, బసవన్న తమ్ముడు, ఊరి బయట మాలపల్లెలోని ఏసేపు, 'కీ.శే. నారాయణ'. అభ్యంతరం ఉన్న మగ్గందారు శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల లోపల కడపలో నూలు చీట్ల ఆఫీసుకు స్వయంగా రావాలి. రానివాళ్లకు ఆరు నెలల దాకా చీటీ ఉండదు.

"శుక్రారం అంటే రేపు కదా!" అన్నాడు బసవన్న.

రాయచోటి నుంచి కడపకు పోయే బొగ్గుతో నడిచే బస్సు నాలుగు రోజులుగా చెడిపోయి ఉంది. ఎద్దుల బండి కట్టుకుంటే రెండు రోజులు. నడిచేది కలలో మాట. మొత్తం నలభై ఒక్క మైళ్లు.

"సైకిళ్లు," అంది తిరుపతమ్మ.

కాశన్నకు ఒకటి ఉంది. బసవన్న ఇంట్లో రెండున్నాయి. హనుమన్న తన బావమరిదిది తెచ్చుకుంటానన్నాడు. ఏసేపు పల్లెలో చర్చి ఉపదేశి దగ్గర అడిగి చూస్తానన్నాడు.

"నువ్వు ఎవరో ఒకరి ఎనక కూచో వదినా," అన్నాడు హనుమన్న. పాతికేళ్లవాడు, కండ ఉన్నవాడు, మాట తొందర. "నలభై మైళ్లు ఆడమనిషి తొక్కేది యాడైనా ఉండాదా? మధ్యలో పడితే నిన్ను చూసుకునేదా, మేం పోయేదా?"

తిరుపతమ్మ కొంగు నడుముకు దోపుకుంది. తరువాత నెమ్మదిగా అంది: "ఒకరి ఎనక కూచుంటే ఒక మాట పుడతాది, నేనే తొక్కుకుంటే ఇంగొక మాట పుడతాది. ఎట్లా మాట తప్పనప్పుడు కాళ్లన్నా నావి ఉండనీ అప్పా."

కాశన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "తొలికోడికి బయలుదేరాల. ఆరు మందిమి. ఒకర్ని ఇడిచి ఒకరు పోయేది లేదు," అన్నాడు.

వేకువనే అందరూ కాశన్న అరుగు దగ్గర కలిశారు. తిమ్మమ్మ రాగి సంగటి ముద్దలు మోదుగాకుల్లో చుట్టి, మధ్యలో ఊరుబిండి పచ్చడి పెట్టి కోడలి సైకిలుకు కట్టింది. సొరకాయ బుర్రలో నీళ్లు పోసింది. కోడలు ఈసారి పొలిమేర దాటేదాకా ఆగలేదు. అత్త ఎదురుగానే, అందరూ చూస్తుండగా సైకిలెక్కింది.

రాయచోటి చేరేసరికి తూరుపు ఎర్రబడింది. ఆ ఎనిమిది మైళ్లు ఆమెకు అలవాటే. ప్రతి గతుకూ తెలుసు. ఊరు దాటి కడప బాట పట్టాక అంతా కొత్త. రెండు పక్కలా ఎర్ర గరుసు నేల, అక్కడక్కడా తంగేడు పొదలు, బోడి గుట్టలు. బాట మీద పరిచిన కంకర సగం లేచిపోయి ఉంది. చక్రం కింద రాయి జరిగినప్పుడల్లా ఆ దెబ్బ మోచేతుల దాకా వచ్చేది.

కాశన్న ముందు పోతున్నాడు. యాభై అయిదేళ్ల మనిషి, తొందర లేకుండా, మగ్గం ఆడించినట్టే ఒకే తీరుగా తొక్కుతున్నాడు. అతని వెనక తిరుపతమ్మ. హనుమన్న ముందుకు దూసుకుపోయి, ఎక్కడో రాతి మీద కూర్చుని, వీళ్లు వచ్చేదాకా చుట్ట కాల్చి, మళ్లీ దూసుకుపోయేవాడు.

"వాని కాళ్లు మధ్యాహ్నానికి అయిపోతాయి," అన్నాడు కాశన్న. "నువ్వు వాన్ని చూడొద్దు. నా ఎనక చక్రం చూడు."

"చక్రం కల్లా చూడొద్దని మా అత్త చెప్పింది బావా."

కాశన్న నవ్వాడు. "అయితే నా వీపు చూడు."

ఎనిమిది గంటలకే ఎండ నెత్తి మీద కూర్చుంది. ఎదురుగాలి మొదలైంది. ఎర్రమన్ను నోట్లోకి, కళ్లలోకి పడుతోంది. తిరుపతమ్మ కొంగు తలకు చుట్టి, చివర పళ్ల మధ్య బిగించింది. మగ్గంలో కాలితో కిందికి తొక్కితే చాలు, ఇంకో కాలు దానంతట అదే పైకి వస్తుంది. సైకిలు కూడా అంతే కదా అనుకుని వచ్చింది. మొదటి పది మైళ్లు అది నిజమే అయింది. ఆ తరువాత మోకాలి చిప్పల వెనక ఏదో నరం పట్టుకుని ఎవరో మెలితిప్పుతున్నట్టు అయింది. ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టింది. వంద తొక్కుళ్లు. మళ్లీ వంద. మైలురాయి వస్తే మొదటికి.

ఒక చోట బాట పక్కన ఆడవాళ్లు కంకర కొడుతున్నారు. సైకిలు మీద ఆడమనిషిని చూసి సుత్తులన్నీ ఆగిపోయాయి. ఒక ముసలామె లేచి నిలబడి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని కేకేసింది.

"యాడికి పోతాండావమ్మా?"

"కడపకు!"

"మొగోళ్లు తరుముతాండారా ఏంది?"

తిరుపతమ్మ అప్పుడు వరుసలో మొదట ఉంది. కాశన్న గొలుసు ఊడితే సరిచేసుకుని అప్పుడే వెనక నుంచి వస్తున్నాడు. "లేదవ్వా, దోవ తెలీక నా ఎనక వస్తాండారు!" అంది.

ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. బసవన్న తమ్ముడు సిగ్గుపడి తలగుడ్డ కిందికి లాక్కున్నాడు. ఆ నవ్వు చెవుల్లో ఉండగానే ఒక మైలు గడిచిపోయింది.

తొమ్మిదిన్నరకు బుర్రలో నీళ్లు అయిపోయాయి. బాటకు దగ్గర్లో ఒక తోటలో ఎద్దులతో కపిల తోలుతూ బావినీళ్లు తోడుతున్న రైతు కనిపించాడు. రైతు మంచివాడే. తొట్టి దగ్గరికి పిలిచి, చెంబుతో అందరి దోసిళ్లలో నీళ్లు పోశాడు. ఏసేపు అందరికంటే వెనక, సైకిలు పట్టుకుని దూరంగానే నిలుచున్నాడు. చెప్పకుండానే అతనికి తెలుసు ఎక్కడ నిలబడాలో.

"ఆయప్ప ఎవరు?" అన్నాడు రైతు.

కాశన్న నేల చూపులు చూశాడు. రైతు చెంబు కింద పెట్టేశాడు.

తిరుపతమ్మ తన సొరకాయ బుర్ర తొట్టిలో ముంచి నింపింది. నడుచుకుంటూ వెళ్లి ఏసేపు చేతికిచ్చింది. అతను ఆమె ముఖం వైపు ఒకసారి చూసి, బుర్ర పైకెత్తి గటగటా తాగాడు. తిరిగి ఇచ్చాక మిగిలిన నీళ్లు ఆమె తాగింది. రైతు ముఖం తిప్పుకుని ఎద్దుల దగ్గరికి పోయాడు. హనుమన్న ఏదో అనబోయి, కాశన్న చూపు చూసి ఊరుకున్నాడు.

చాలా ఏళ్ల తరువాత ఆ సంగతి ఎవరో ఎత్తితే తిరుపతమ్మ గొప్పలు పోలేదు. "ఊళ్లో ఉంటే ఆ పని చేసేదాన్నో లేదో నాకే తెలీదు. ఆ పొద్దు అంత ఆలోచించే ఓపిక లేదు. మనిషి ఎండిపోతాండాడు, బుర్రలో నీళ్లుండాయి," అనేది.

గువ్వలచెరువు ఇంకా మైలు దూరం ఉందనగా ఏసేపు ముందు చక్రం టప్పుమంది. ముల్లు కాదు, టైరు పాతబడి పగిలింది. లోపలి ట్యూబు జానెడు చీలిపోయింది. యుద్ధం రోజుల్లో కొత్త ట్యూబు పెద్ద ఊళ్లలోనే దొరికేది కాదు. ఈ అడవిలో ఎక్కడిది?

హనుమన్న సైకిలు దిగలేదు. ఒక కాలు నేల మీద పెట్టి, "పొద్దు నెత్తికొస్తాండాది. ఒక్కని కోసం అయిదు మగ్గాలు పోగొట్టుకుంటామా?" అన్నాడు.

ఏసేపు చెమట తుడుచుకున్నాడు. "మీరు పోండి సామీ. నేను నడిచొస్తా. అందితే అందుతా."

"అందవు," అంది తిరుపతమ్మ. "హనుమన్నా, నిన్న మా బావ ఏం చెప్పినాడు? ఒకర్ని ఇడిచి ఒకరు పోయేది లేదని చెప్పినాడా లేదా? నిన్ను ఇడిచిపోయే పని వస్తే అప్పుడు నువ్వేమంటావు?"

"నాకెందుకొస్తాది?" అన్నాడు హనుమన్న. అయినా సైకిలు దిగాడు.

ఉపాయం ఏసేపుకే తట్టింది. ట్యూబు తీసేసి, టైరు నిండా ఎండుగడ్డి కూరితే బండి నడుస్తుందని ఎవరో చెప్పగా విన్నాడట. ఆరుగురూ గట్ల మీదికి పోయి బోదగడ్డి పీక్కొచ్చారు. దాన్ని పురిపెట్టి, టైరులో దట్టంగా కూరి, పైన పాత పంచె పేలికలతో చుట్టి బిగించారు. నేతగాళ్ల వేళ్లు, బిగించడం బాగా తెలిసిన వేళ్లు. అయినా గంటకు పైగా పట్టింది. ఆ గంటలోనే సంగటి ముద్దలు తినేశారు.

"నూలు ఉంటే నూలే కూరేవాళ్లం," అన్నాడు బసవన్న. ఎవరికీ నవ్వు రాలేదు.

గువ్వలచెరువు దాటాక కనుమ మొదలైంది. అక్కడి నుంచి బాట మెలికలు తిరుగుతూ కిందికి దిగుతుంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. దూరంగా కింద కడప మైదానం ఎండలో తెల్లగా పొగలు కక్కుతోంది. ఎక్కడం కంటే దిగడం సులభమని తిరుపతమ్మ అనుకుంది. కాశన్న సైకిలు ఆపి అందరినీ దింపాడు.

"ఈడ శానా మంది పడినారు. బ్రేకు పట్టుకుంటే అరమైలుకు రబ్బరు కాలిపోతాది. కొమ్మలు కొట్టండి," అన్నాడు.

వెడల్పాటి చెట్టుకొమ్మ ఒకటి కొట్టి, సైకిలు వెనక తాడుతో కట్టాలి. అది నేల మీద ఈడ్చుకుంటూ వస్తే బండి వేగం తగ్గుతుంది. వెనకటి నుంచీ ఆ కనుమలో సైకిలు దిగేవాళ్లు అట్లాగే చేసేవారట. తిరుపతమ్మ తనకు కావలసిన కొమ్మ తానే ఏరుకుంది. ఆకు దట్టంగా ఉన్నది, మనిషంత పొడవైనది. కట్టిన ముడి రెండుసార్లు లాగి చూసుకుంది.

హనుమన్న కొమ్మ వద్దన్నాడు. "నా చేతులున్నాయి. ఈ చెట్లు ఈడ్చుకుంటా పోతే సాయంత్రం దాకా దిగుతాం."

"నీ ఇష్టం," అన్నాడు కాశన్న. చెప్పి విసిగిపోయాడు.

తిరుపతమ్మ దిగింది. వెనక కొమ్మ బరబరమని కంకర మీద ఈడుస్తూ ధూళి లేపుతోంది. ముందు లోయ తెరుచుకుని ఉంది. మొదటి మలుపులో ఆమె పిడి గట్టిగా పట్టుకుంది. చేతులు చెమటతో జారుతున్నాయి. కళ్లు మూసుకోవాలనిపించింది. మూసుకుంటే అయిపోయిందని తెలుసు. లోయ వైపు చూడకుండా, కొండ వైపు బాట అంచు మీదే చూపు నిలిపింది. రెండో మలుపు. మూడోది. నాలుగో దానికి భయం పోలేదు గానీ దానితో కలిసి ఎట్లా నడవాలో తెలిసింది.

అయిదో మలుపు తిరిగేసరికి బాట మధ్యలో సైకిలు పడి ఉంది. చక్రం ఇంకా తిరుగుతోంది. హనుమన్న కొండ వైపు రాళ్ల మీద కూర్చుని, కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు. ముఖం బూడిదరంగుకు తిరిగింది. బ్రేకు కాలిపోయింది. లోయలోకి పోకుండా కావాలనే కొండకు కొట్టుకున్నాడు. అదొక్కటి తెలివిగా చేశాడు.

కాశన్న చెయ్యి తడిమి చూశాడు. మణికట్టు దగ్గర వాచింది. "విరిగిండాది," అన్నాడు. తిరుపతమ్మ తన తలకు చుట్టిన కొంగు చింపి, రెండు పుల్లలు పెట్టి కట్టు కట్టింది. సైకిలు ముందు చక్రం గిన్నెలాగా వంగిపోయింది. దాన్ని బాట పక్కన పొదలోకి తోసి, కనుమ చివరి దాకా హనుమన్నను నడిపించుకుంటూ దిగారు.

కనుమ కిందికి వచ్చేసరికి ఒంటిగంట దాటి ఉంటుంది. కడప ఇంకా పదకొండు మైళ్లు.

"మీరు పోండి," అన్నాడు హనుమన్న. పొద్దున ఏసేపు అన్న మాటే. అన్నాక ఆ సంగతి అతనికే గుర్తొచ్చినట్టుంది, తల దించుకున్నాడు.

ఏసేపు గడ్డి చక్రం ఇంకొక మనిషిని మోయదు. కాశన్న పెద్దవాడు. బసవన్న కొంత దూరం ఎక్కించుకున్నాడు. మూడు మైళ్లు పోయేసరికి అతని సైకిలు వెనక చక్రం కడ్డీలు రెండు తెగాయి. బసవన్న తమ్ముడి సైకిలుకు వెనక సీటే లేదు. తిరుపతమ్మది మాత్రం నారాయణ గుడ్డల మూటల కోసం ఇనుప పట్టీలు వేయించుకున్న బండి.

"ఎక్కు," అంది ఆమె.

"నీ ఎనకనా వదినా?"

"ఎనిమిది మైళ్లు నడుస్తావా? నడిస్తే నడువు. గొంతులో అభిమానం ఉంటే మింగెయ్యి, నీళ్లన్నా మిగులుతాయి."

అతను ఎక్కాడు. ఎడమచెయ్యితో సీటు కింద కడ్డీ పట్టుకున్నాడు. తిరుపతమ్మ లేచి నిలబడి మొదటి తొక్కుడు తొక్కింది. సైకిలు అటూ ఇటూ ఊగింది. ఏసేపు పరిగెత్తుతూ వెనక నుంచి తోశాడు. బండి పట్టాలెక్కినట్టు నిలిచింది.

ఆ ఎనిమిది మైళ్లు ఆమెకు పెద్దగా గుర్తు లేవు. వడగాలి గుర్తుంది. పెదవి పగిలి నెత్తురు ఉప్పగా తగిలింది గుర్తుంది. ఒకసారి మాత్రం వెనక నుంచి హనుమన్న, "రోంత ఆగుదామా వదినా?" అన్నాడు. "ఆగితే మళ్లా ఎక్కలేను," అంది.  ఎత్తు వచ్చిన ప్రతిచోటా అతనే దిగి, కట్టుకట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని, పక్కన నడిచాడు.

ఆఫీసు వాకిట్లోకి వచ్చేసరికి గోడ గడియారంలో నాలుగుకు పన్నెండు నిమిషాలు తక్కువ ఉంది. జవాను తలుపు దగ్గరికి వేస్తున్నాడు. కాశన్న రెక్క మధ్యలో కాలు పెట్టాడు.

లోపల పనులు త్వరగానే అయ్యాయి. అయిదుగురు మగవాళ్ల పేర్లు పిలిచి, వేలిముద్రలో సంతకాలో తీసుకుని, పట్టీలో తిరిగి ఎక్కించారు. హనుమన్న ఎడమచేతి వేలిముద్ర వేశాడు. ఆరో పేరు దగ్గర గుమాస్తా కలం ఆగింది.

"నారాయణ చచ్చిపోయినాడని ఉండాది కదా. మగ్గందారు లేడు. దీనికి చీటీ రాదు."

"మగ్గం నేనే నేస్తాండా సామీ," అంది తిరుపతమ్మ.

గుమాస్తా ఆమెను కిందినుంచి పైకి చూశాడు. దుమ్ముతో ఎర్రబడిన చీర, చిరిగిన కొంగు, పగిలిన పెదవి. "ఆడవాళ్లు కండెలు చుడతారు, తెలుసు. నేసేది ఎవరో చెప్పమ్మా. కూలికి పెట్టినావా?"

కాశన్న ఏదో చెప్పబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. లోపలి గదిలో ఆఫీసరు కాగితాల్లోంచి తలెత్తి చూశాడు. ఆఫీసు పక్క వసారాలో నేత నేర్పడానికి పెట్టిన మగ్గం ఒకటి ఉంది. లోపలికి వచ్చేటప్పుడే ఆమె కన్ను దాని మీద పడింది.

"ఆడ మగ్గం ఉండాది. కూచోనియ్యండి. నేస్తే రాసుకోండి, నేయకుంటే కొట్టేయండి," అంది.

ఆఫీసరు లేచి వచ్చాడు. నేత మేస్త్రీని పిలిపించాడు. ఆయన నెరిసిన మీసాల మనిషి. మగ్గం మీద సగం నేసిన తువ్వాలు ఉంది. తిరుపతమ్మ గోచీ సరిచేసుకుని గుంటలో దిగి కూర్చుంది.

కాలు పెట్టేసరికి కాళ్లు తన మాట వినలేదు. నలభై మైళ్ల వణుకు అంతా తొడల్లోకి వచ్చి చేరింది. చెక్క తొక్కితే కాలు దడదడమని కొట్టుకుంది. పేక నూలు మోసే నాడె విసిరింది, సగంలో ఆగిపోయింది. పడుగులో రెండు పోగులు తెగాయి. వెనక గుమాస్తా నవ్వడం వినిపించింది.

ఆమె తొందరపడలేదు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి గట్టిగా అదిమింది. వణుకు తగ్గేదాకా అట్లాగే కూర్చుంది. తరువాత తెగిన పోగులు వెతికి పట్టుకుని, వేళ్ల మధ్య మెలిపెట్టి, ముడి కనిపించకుండా అతికింది. మేస్త్రీ ఒక అడుగు ముందుకు వచ్చాడు. మళ్లీ చెక్క తొక్కింది. నాడె ఈసారి అవతలికి పోయింది. తిరిగి వచ్చింది. పోయింది, వచ్చింది. కాసేపటికి మగ్గం చప్పుడు ఒక దారిలో పడింది. జానెడు గుడ్డ నేసేదాకా ఎవరూ ఆపమనలేదు.

మేస్త్రీ వంగి గుడ్డ అంచు వేలితో తడిమి చూశాడు.

"ముందు నేసినదానికంటే ఇదే నేరుగా ఉండాది," అన్నాడు. "ఈయమ్మ నేతగత్తె. సందేహం లేదు."

"ఏ ఊరు?" అన్నాడు ఆఫీసరు.

"వంకపల్లె. రాయచోటి అవతల."

"బస్సు లేదు కదా, ఎట్లా వచ్చినారు?"

"సైకిలు మీద వచ్చినాం సామీ."

ఆఫీసరు మగవాళ్ల వైపు తిరిగాడు. "ఈమెను ఎవరు ఎక్కించుకుని వచ్చినారు?"

 హనుమన్న కట్టుకట్టిన చేతితో ముందుకు వచ్చాడు. "ఎవరూ ఎక్కించుకోలేదు. కనుమ కింద నుంచి ఆమే నన్ను ఎక్కించుకొచ్చింది."

ఆఫీసరు గుమాస్తాకు తల ఊపాడు. గుమాస్తా పట్టీలో 'కీ.శే. నారాయణ' అన్నది కొట్టేసి, మగ్గందారు అన్న చోట 'తిరుపతమ్మ' అని రాశాడు. ఆమెకు చదువు రాదు. కాశన్న ఆ గడిలో వేలు పెట్టి చూపిస్తే కాసేపు చూసి, "ఇంత చిన్నదా?" అంది.

గుంటలోంచి లేవబోతే కాళ్లు లేవలేదు. ఏసేపు, బసవన్న చెరో చెయ్యి పట్టి పైకి తీశారు.

ఆ రాత్రి కడపలో ఒక సత్రం అరుగు మీద పడుకున్నారు. హనుమన్న చెయ్యి ఒక ఎముకల వైద్యుడు సరిచేసి వెదురు దబ్బలు కట్టాడు. మరునాడు చీటీల మీద నూలు తీసుకుని, చిలపల మూటలు సైకిళ్లకు కట్టుకుని, కనుమ మొత్తం తోసుకుంటూ ఎక్కారు. ఇంటికి చేరేందుకు రెండు రోజులు పట్టింది. మూడో నాటి ఉదయం, హనుమన్న మగ్గం మీద అతని బావమరిది కూర్చోగా, వంకపల్లెలో పదకొండు మగ్గాలూ ఆడాయి.

తిరుపతమ్మ ఆ తరువాత ఇరవై ఆరేళ్లు నేసింది. ఇద్దరు కూతుళ్లకూ మగ్గం నేర్పింది. ఊళ్లో నేతగాళ్లు సంఘం పెట్టుకున్నప్పటికి కాశన్న బతికి లేడు. సంఘానికి పెద్దగా ఎవరిని పెట్టాలని మాట వస్తే ముందు హనుమన్నే ఆమె పేరు చెప్పాడు. నెలనెలా సంఘం పనిమీద రాయచోటికి సైకిలు మీద పోయేది. ఒకసారి కొత్తగా వచ్చిన ఒక అధికారి, ఈ వయసులో సైకిలెందుకమ్మా, బస్సులొచ్చాయి కదా అన్నాడట.

"బస్సు దాని టయానికి పోతాది అప్పా," అందట తిరుపతమ్మ. "నాకు నా టయానికి పోవాల."